గాలి బరువు దించుకునే చోటు

ఆషాఢంలో మా ఊరికి గాలి వస్తుంది, వాన రాదు. అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఒడ్డున పల్లెలన్నిటికీ ఇదే గోడు. మేం హగరి అంటాం ఆ ఏటిని. పడమటి గాలికి ఏట్లో ఇసుక లేచి చేల మీద మేట వేస్తుంది, అన్నం తట్టలోకీ వస్తుంది. ఎడారి చూడాలంటే రాజస్థాన్ దాకా ఎందుకు, మా ఊరికి రండి అని చుట్టాలతో వేళాకోళం ఆడుతుంటాం.

మా నాయన ఆ గాలిని డెబ్బై ఏళ్లుగా తిడుతూనే ఉన్నాడు. మొన్న జులైలో పునర్వసు కార్తె సగానికి వచ్చినా వేరుశనగ విత్తడానికి పదును లేదు. 'ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు' అంటారు, అది ఎప్పుడో ఎండగానే దాటిపోయింది. అరుగు మీద కూర్చుని, "ఇంత గాలొస్తాంది గదా, దీంట్లో నీళ్లన్నీ యాడ పోతాండాయిరా?" అన్నాడు. "కర్ణాటక పడమటి కనుమల్లో, ఆగుంబెలో. పా, చూసొద్దాం" అన్నాను. వస్తాడనుకోలేదు. సంచి సర్దుకున్నాడు.

రాయదుర్గంలో బస్సెక్కి మొలకాల్మూరు, చళ్లకెరె మీదుగా చిత్రదుర్గం చేరాం. అంతవరకూ మా సీమే, భాష మారిందంతే. మబ్బులు తలమీద తూర్పుకు పరుగెడుతున్నాయి, ఒక్కటీ నిలవదు. కొండల మీద గాలిమరలు గిర్రున తిరుగుతున్నాయి. "కరెంటుకన్నా పనికొస్తాంది పో" అన్నాడు నాయన. రాత్రి శివమొగ్గ లాడ్జిలో పడుకుని, పొద్దున్నే తీర్థహళ్లి బస్సు పట్టుకున్నాం. వక్కతోటలు చిక్కబడేకొద్దీ ఆకాశం కిందికి దిగుతూ వచ్చింది. తీర్థహళ్లి దాటి ఆగుంబెకు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. ఆ గంటలో కిటికీ అద్దం అవతల లోకమే లేదు, నీళ్లు తప్ప.

బస్సు దిగగానే గొడుగు తిరగబడింది. రెండోసారి తిరగబడ్డాక దాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాడు. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే ఆగుంబెలో 7,600 దాకా పడుతుంది. మాకు దాదాపు 14 ఏళ్లలో పడే వాన వీళ్లకు ఒక్క ఏడాదిది. లెక్క చెబితే నాయన నమ్మలేదు. మధ్యాహ్నానికి నమ్మాడు.

ఘాట్ అంచున సూర్యాస్తమయం చూసే కట్ట ఉంది. ఎండాకాలం అక్కడి నుంచి అరేబియా సముద్రం కనిపిస్తుందంటారు. ఆ రోజు మాకు మా కాళ్లే సరిగా కనపడలేదు. కానీ ఒక వింత చూశాం. లోయ అడుగు నుంచి మబ్బు పొగలా పైకి ఎక్కుతోంది, మా పాదాల దగ్గర అంచు దాటి అడవిలోకి జొరబడుతోంది. వాన ఎక్కడ తయారవుతుందో అక్కడే నిలబడ్డాం. ఆ గాలి భూమధ్యరేఖకు అవతల పుట్టి, ఆఫ్రికా తీరం దగ్గర మలుపు తిరిగి, అరేబియా సముద్రం పొడుగునా తడి పీల్చుకుని వస్తుంది. ఇక్కడ సహ్యాద్రి, అంటే ఈ పడమటి కనుమలే, గోడలా అడ్డం నిలుస్తుంది. పైకెక్కక తప్పదు, ఎక్కితే చల్లబడుతుంది, చల్లబడిన గాలి అంత తడి మోయలేదు. దించేస్తుంది. కొండ దాటి తూర్పుకు దిగేటప్పుడు మళ్లీ వేడెక్కుతుంది, మబ్బు విడిపోతుంది. మాకు మిగిలేది ఆ ఊపు, ఆ ఇసుక. ఈ పడమటి గాలి సద్దుమణిగాక, సెప్టెంబరు, అక్టోబరుల్లోనే మాకు కాస్త గట్టి వానలు. ఇదంతా విని నాయన, "గాలి నిలిస్తేగానీ వాన రాదని మా నాయన అంటాండె. కొండ సంగతి చెప్పలేదు" అన్నాడు.

దారిలో ఒక వక్కతోట దగ్గర ఆగాం. (జలగల సంగతి చెప్పను, ఇంట్లో ఇంకా నవ్వుతున్నారు.) చెట్టు మీదున్న గెలలకు ప్లాస్టిక్ సంచులు కట్టి ఉన్నాయి. వాన ఎక్కువైతే 'కొళె రోగం' పట్టి కాయ కుళ్లి రాలిపోతుందట, అందుకే ఈ తొడుగులు, మందు కొట్టడాలు. నాయనకు కన్నడం బాగా వచ్చు. ఆ రైతూ ఆయనా అరగంట మాట్లాడుకున్నారు, ఒకరి కష్టం ఒకరికి నమ్మశక్యం కాకుండా. వెళ్లేటప్పుడు ఆ రైతు మాకు నాలుగు వక్కలిచ్చాడు. మా దగ్గర బదులివ్వడానికి శనక్కాయల చిక్కీ ఉంది, అదిచ్చాం.

తిరుగుదారిలో తీర్థహళ్లి వంతెన మీద నిలబడ్డాం. తుంగ ఎర్రగా, నిండుగా పారుతోంది. ఆగుంబె కొండకు పడమర పడిన నీళ్లు సీతానదిలో కలిసి సముద్రానికి పోతాయి. తూర్పున పడినవి తుంగలోకి వచ్చి, కూడ్లి దగ్గర భద్రను కలుపుకుని, హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యాముకు చేరతాయి. అక్కడి నుంచి హెచ్చెల్సీ, అంటే ఎగువ కాలువ, మా కణేకల్లు చెరువుకు వస్తుంది. గాలి మోసుకురాని నీళ్లు ఏరు తిరుక్కుని తెస్తోందన్న మాట. నాయన చాలాసేపు నీళ్లకేసే చూశాడు.

"ఈ నీళ్లు మన కాలవకు వచ్చేతలికి ఎన్ని దినాలు పడుతుంది?"

"ముందు డ్యాము నిండాల, ఆ పైన మన వంతు రావాల."

ఊఁ అని అమ్మకు ఫోన్ చేశాడు. ఈ మూడు రోజుల్లో చూసిందంతా ఏకబిగిన చెప్పాడు. అవతల నుంచి మాటల కన్నా గాలి హోరే ఎక్కువ వినిపిస్తోంది. చివరికి అమ్మ ఒకటే అడిగింది: వాకిట్లో ఇసుక ఊడ్చి ఊడ్చి చీపురు అరిగిపోయింది, వచ్చేటప్పుడు ఆడ మంచివి దొరికితే రెండు తెస్తారా అని.