ఇంటి సాలెపురుగుల లెక్క: నాలుగు నెలల నమోదులు

జూన్ మొదటి వారంలో మా నంద్యాల ఇంట్లో బూజు దులిపే పని మానేసి, ఆ బూజు పట్టిస్తున్న సాలెపురుగులు ఏవో రాసుకోవడం మొదలుపెట్టాను. పరికరాలు కొద్దిపాటివే: గాజు గ్లాసు, పాత శుభలేఖ, స్కేలు, ఫోనుకు తగిలించే మాక్రో లెన్సు. పురుగుపై గ్లాసు బోర్లించి, అడుగున శుభలేఖ జొనిపి, పైనుంచి ఒకటి, ముఖం కనిపించేలా ఒకటి ఫొటో తీసి, పెరట్లో వదిలేస్తాను. ముఖం ఫొటో తప్పనిసరి, ఎందుకంటే రంగు, పరిమాణం మనిషిని మోసగించినంతగా కళ్ళ అమరిక మోసగించదు.

మొదటి పది నమోదుల్లో ఏడు క్రోసోప్రైజా లయొనివే. వెంట్రుకల్లాంటి పొడవాటి కాళ్ళతో మూలల్లో తలకిందులుగా వేలాడుతూ, గూడు తాకగానే కంటికి ఆననంత వేగంగా ఊగిపోయే ఈ సాలీడు వల్ల మనకు ఏ హానీ లేదు.

జూన్ చివరలో స్నానాల గది గోడ మీద కాళ్ళతో కలిపి పదకొండు సెంటీమీటర్లున్న సాలీడు కనిపించగానే అమ్మ చీపురు అందుకుంది. అది హెటెరోపోడా వెనటోరియా. చదునైన ఒళ్ళు, పీతలా పక్కలకు పరచుకున్న కాళ్ళు, కళ్ళ కింద అడ్డంగా లేత రంగు పట్టీ దీని గుర్తులు. ఇది గూడు అల్లదు, రాత్రిళ్ళు బొద్దింకలను వేటాడుతుంది. చేత్తో పట్టుకుంటేనో, గుడ్ల సంచి మోస్తున్నప్పుడు కదిలిస్తేనో కరవవచ్చు. నొప్పి పుట్టినా సాధారణంగా త్వరగానే తగ్గిపోతుంది. వంటింట్లో బొద్దింకలు తగ్గాక అమ్మ చీపురు మాట ఎత్తలేదు.

పెద్ద సాలీడు కనిపిస్తే మా వైపు వాళ్ళకు టరాంటులా గుర్తుకు రావడంలో వింత లేదు. 1899లో జంతుశాస్త్రవేత్త పోకాక్ వర్ణించిన నీలి రంగు టరాంటులా మొదట దొరికింది గుత్తి రైల్వే కలప దొడ్డిలోనే. 2001లో అది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ కనిపించింది. కరిస్తే తీవ్రమైన నొప్పి, కండరాల పట్టివేత కలగవచ్చు. అయితే అది చెట్టు తొర్రల్లో బతికే జీవి, పైగా అంతరించిపోయే దశలో ఉంది. లావైన, నూగు నిండిన కాళ్ళను చూస్తే మా గోడ మీది చదునైన సాలీడుకూ దానికీ తేడా వెంటనే తెలుస్తుంది.

అసలు భయం ఆగస్టులో కలిగింది. పుస్తకాల అలమర వెనుక దొరికిన ఐదు మిల్లీమీటర్ల సాలీడు ముఖం ఫొటోను పెద్దది చేసి చూస్తే, ఎనిమిది కాక ఆరు కళ్ళే, అవీ జంటలుగా ఉన్నాయి. చర్మంపై పుండ్లు కలిగించగల లోక్సోసెలిస్ సాలీళ్ళకూ సరిగ్గా ఇదే అమరిక. వీటిలో పేరుమోసిన బ్రౌన్ రెక్లూజ్ అమెరికాది, కానీ దాని బంధువు లోక్సోసెలిస్ రూఫెసెన్స్ మన దేశంలోనూ నమోదైంది. ఆ రాత్రి అలమర జోలికి ఎవరినీ వెళ్ళనివ్వలేదు. తెల్లవారాక పక్కనుంచి చూస్తే, తల భాగం చదునుగా కాక గుమ్మటంలా లేచి, దాని మీద మచ్చలు, కాళ్ళకు చారలు కనిపించాయి. అది స్కైటోడిస్, అంటే ఎరపై జిగురు ఉమ్మి దాన్ని కదలకుండా చేసే నిరపాయమైన సాలీడు. అప్పటినుంచి పక్కనుంచి కూడా మూడో ఫొటో తీస్తున్నాను.

నా పట్టికలో లాట్రోడెక్టస్, అంటే విషపూరితమైన విడో సాలీళ్ళ గడి మాత్రం ఖాళీగానే ఉంది. గుండ్రటి నున్నని పొట్ట, దాని అడుగున ఎరుపో నారింజో రంగు గుర్తు, నేలకు దగ్గరగా చిందరవందరగా ఉండే గట్టి దారాల గూడు, వీటి కోసం బోర్లించిన కుండీల కింద, ప్లాస్టిక్ కుర్చీల అడుగున వారానికోసారి టార్చితో వెతుకుతాను, చేయి మాత్రం పెట్టను. ఎవరికైనా సాలీడు కరిచాక కండరాలు పట్టేసినా, విపరీతంగా చెమటలు పట్టినా, పుండు నల్లబడినా, సబ్బుతో కడిగి ఆసుపత్రికి వెళ్ళడమే మార్గం. పురుగు ఫొటో ఉంటే వైద్యులకు ఉపయోగపడుతుంది.

సాలీడు పాకిందంటూ సెప్టెంబరులో పక్కింటివారు చూపించిన, మంట పుట్టించే ఎర్రని చార సాలీడు పని కాదని నా అభిప్రాయం. వానాకాలంలో దీపాలకు వచ్చే పెడెరస్ అనే ఎరుపు, నలుపు పురుగు ఒంటి మీద నలిగితే ఇలాంటి చారే పడుతుంది.

పై గదిలో ఉన్న హెటెరోపోడా ఒకటి గుడ్ల సంచి మోయడం మొదలుపెట్టి నేటికి పంతొమ్మిది రోజులు. పిల్లలు బయటికి వచ్చేదాకా ఆ గదికి సున్నం వేయడం వాయిదా వేశాం.