తన్ను తానే

పొద్దున ఎనిమిది కాకముందే చెల్లి ఫోన్. నేను బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నాను, స్పీకర్‌లో పెట్టి విన్నాను. రెండు వారాలు రాత్రిళ్ళు కూర్చుని అది తయారు చేసిన రిపోర్టును, పై ఆయన మీటింగ్‌లో తనే చేసినట్టు చూపించేశాడట. దీని పేరు కూడా ఎత్తలేదట. గొంతు వణుకుతోంది. నేను చొక్కా కాలరు తిప్పుతూ, "పోనీలేవే, నువ్వే కాస్త తగ్గించుకో. తగ్గించుకున్నవాళ్ళని దేవుడు హెచ్చిస్తాడు" అన్నాను. అవతల కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత "సరే అక్కా, టైమైంది" అని పెట్టేసింది.

నిజం చెప్పాలంటే, మంచి మాట చెప్పానన్న తృప్తితోనే బయల్దేరాను.

గురువారం ప్రార్థన కూటంలో వాక్యం చెప్పే వంతు నాది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, రెండో అధ్యాయం. చిన్నప్పుడే కంఠతా పట్టిన భాగం కాబట్టి టెన్షన్ లేదనుకున్నాను. మధ్యాహ్నం తీరిక దొరికితే బైబిల్ తెరిచాను. యేసు గురించి పౌలు రాసిన మాట. "మనుష్యుల పోలికగా పుట్టి, దాసుని స్వరూపమును ధరించుకొని, తన్ను తానే రిక్తునిగా చేసికొనెను." ఇన్నేళ్ళుగా నోటితో చదివేసిన వాక్యమే, ఇవాళ 'ధరించుకొని' దగ్గర ఆగిపోయాను. రిక్తుడు కావడమంటే ఉన్నది తీసేయడం కదా. ఇక్కడేమో ఒకటి తొడుక్కుంటున్నాడు. తొడుక్కుని ఖాళీ కావడమేమిటి?

ఈ ప్రశ్న నాకంటే చాలా ముందే చాలామందికి వచ్చింది. గ్రీకులో ఆ క్రియ 'ఎకెనోసెన్', ఖాళీ చేసుకున్నాడు అని. దాన్నుంచే 'కెనోసిస్' అనే మాట పుట్టింది. 19వ శతాబ్దంలో జర్మనీలో తొమాసియస్ అనే లూథరన్ పండితుడు, దేవుని కుమారుడైన యేసు మనిషిగా ఉన్నన్నాళ్ళూ సర్వశక్తినీ సర్వజ్ఞతనూ సర్వవ్యాపకత్వాన్నీ పక్కన పెట్టేశాడనీ, ప్రేమ, పరిశుద్ధత లాంటివి మాత్రం ఉంచుకున్నాడనీ అన్నాడు. లోకాంతం వచ్చే ఆ ఘడియ సంగతి కుమారుడికి కూడా తెలియదని మార్కు 13లో ఉంది కదా, దానికి ఈ వివరణ బాగా అతుకుతుంది. కానీ వెంటనే ఇంకో చిక్కు వస్తుంది. సమస్తానికీ ఆయనే ఆధారమని కొలొస్సయుల పత్రిక చెబుతుంటే, ఆ ముప్పై చిల్లర ఏళ్ళు ఆధారం ఎవరు? 451లో కల్కెదోనులో జరిగిన సంఘ పెద్దల సభ ఆయన దైవత్వంలో సంపూర్ణుడు, మానవత్వంలో సంపూర్ణుడు అని తేల్చింది. అందులోంచి కొంత కోసేసి 'ఖాళీ' అనడం నాకెందుకో లెక్కల పుస్తకంలో తీసివేతలా అనిపిస్తుంది.

పాతకాలపు క్రైస్తవ పండితుడు అగస్టీన్ చెప్పింది ఇంతకంటే నచ్చింది. ఉన్నదాన్ని పోగొట్టుకుని కాదు, లేనిదాన్ని తీసుకుని రిక్తుడయ్యాడు అని ఆయన భావం. మన తెలుగు బైబిల్లో ముందు పుట్టి, ధరించుకొని అనీ, చివరికి రిక్తునిగా చేసికొనెను అనీ ఉండడం వల్ల అది చదువుతుంటేనే తెలిసిపోతుంది. గ్రీకులో ఖాళీ చేసుకోవడం ముందు, ధరించడం తర్వాత. ఈ ఒక్క చోట మాత్రం అనువాదమే నాకు పాఠం చెప్పింది.

తర్వాత ఫిలిప్పీ పట్టణం గురించి చదివాను. మాసిదోనియలో రోమా వలస పట్టణం. యుద్ధాలు చేసి వచ్చిన సైనికులకు భూములిచ్చి స్థిరపరిచిన చోటు. పదవులూ బిరుదులూ రాళ్ళ మీద చెక్కించుకునే రోజులు. సిలువ అంటే ముఖ్యంగా బానిసలకీ తిరుగుబాటుదారులకీ వేసే శిక్ష. అలాంటి ఊరివాళ్ళకి 'దాసుని స్వరూపము' అని రాశాడు పౌలు, అదీ సంకెళ్ళలో ఉండి. పైన 'దేవుని స్వరూపము' అన్నప్పుడు వాడిన మాటే కిందా వాడాడు. వేషం వేశాడని అనుకోవడానికి చోటివ్వలేదు.

ఇంత చదివాక కూడా నన్ను ఇబ్బంది పెట్టింది పెద్ద మాట కాదు, చిన్న మాట. 'తన్ను తానే.' ఆ పక్క వాక్యంలోనూ 'తన్నుతాను తగ్గించుకొనెను.' ఖాళీ చేసేదీ ఆయనే, ఖాళీ అయ్యేదీ ఆయనే. ఆయనకి ఎవరూ 'కాస్త తగ్గు' అని చెప్పలేదు. యోహాను 13లోనూ అంతే. తండ్రి సమస్తమూ తన చేతికి అప్పగించాడని ఎరిగి, లేచి, తువాలు నడుముకు కట్టుకున్నాడు. చేతిలో అన్నీ ఉన్నాయని తెలిసిన మనిషి ఆ చేతులతోనే శిష్యుల కాళ్ళు కడిగాడు. పేతురు వద్దన్నాడు కానీ, కడగమని ఆజ్ఞాపించినవాళ్ళు ఎవరూ లేరు.

మరి పొద్దున నేను చేసిందేమిటి? ఉన్నది లాగేసుకున్నవాణ్ణి వదిలేసి, పోగొట్టుకున్నదాన్ని ఇంకా ఖాళీ కమ్మన్నాను. తగ్గింపు గురించిన ప్రసంగాలు ఎప్పుడూ కోడళ్ళకీ చిన్న ఉద్యోగులకీ ఎందుకు వినబడతాయో, కమిటీ పెద్దలకి ఎందుకు వినబడవో నేనే ఎన్నోసార్లు విసుక్కున్నాను. ఇస్త్రీ పెట్టె చేతిలో ఉండగా ఆ విసుగు ఎక్కడికి పోయిందో.

సాయంత్రం ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తి, "ఏంటక్కా, ఇంకో వాక్యమా?" అంది.

"కాదు. పొద్దున అలా అనకుండా ఉండాల్సింది. సారీ."

"ఆఁ?" అంది, నమ్మలేనట్టు. తర్వాత మొత్తం మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. రిపోర్టును తన పేరుతో పంపిన పాత మెయిళ్ళు ఉన్నాయట, రేపు వాటిని తీసుకెళ్ళి ఆయన్నే నేరుగా అడుగుతుందట. మధ్యలో మూడుసార్లు సలహా నోటిదాకా వచ్చింది. ఊ కొడుతూ ఊరుకున్నాను. సులువేం కాలేదు.

పెట్టేసేముందు, "ఇంతకీ గురువారం ఏం చెప్తున్నావ్?" అని అడిగింది.

"యువొదియ, సుంటుకే గురించి."

"వాళ్ళెవరు?"

"అదే పత్రికలో నాలుగో అధ్యాయం. మాటా మాటా పడని ఇద్దరు స్త్రీలు. పౌలు ఎవర్నీ నువ్వు తగ్గు అనలేదే. గ్రీకులో బతిమాలుకొనుచున్నాను అని ఇద్దరికీ విడివిడిగా రాశాడు."

"నిజంగానా?" అంది. బైబిల్ తెరుస్తున్న కాగితాల చప్పుడు వినబడింది.