లైట్ల దగ్గర నేర్చుకున్న నాటకం

డిగ్రీ అయ్యాక రంగస్థల కళలు చదవవచ్చా, చదివితే బతుకుతెరువు ఏమిటి అని అడిగే పిల్లలు ఈమధ్య హనుమకొండలో, జనగామలో, పరకాలలో నాకు తరచుగా ఎదురవుతున్నారు. వాళ్లలో ఎక్కువమంది మనసులో ఉన్నది సినిమా. ఆ కోరికను నేను తక్కువ చేయను. నేనూ నటిని కావాలనే ఎంపీఏ (మాస్టర్ ఆఫ్ పర్ఫార్మింగ్ ఆర్ట్స్) థియేటర్ ఆర్ట్స్‌లో చేరాను. బయటికి వచ్చేటప్పటికి నా చేతిలో ఉన్న విద్య వేరు. స్టేజీ మీద ఏ ముఖం ఎప్పుడు కనిపించాలి, ఎంత కనిపించాలి, ఎవరు చీకట్లో నిలబడాలి అనేది నా పని అయింది. ఈ రోజు నా ఇల్లు గడుస్తున్నది దానితోనే.

మా బాపు వరంగల్ ఏనుమాముల మార్కెట్లో దడువాయి, అంటే సరుకు తూచే మనిషి. మిర్చి, పత్తి సీజన్‌లో ఆయన ఇంటికి ఏ వేళకు వస్తాడో తెలియదు. చదువు సంగతి చెప్పినప్పుడు ఆయన కోప్పడలేదు. "నాటకానికి కూడా యూనివర్సిటీలో పుస్తకాలు ఉంటాయా బిడ్డా?" అని అడిగాడు. ఉంటాయని చెప్పాను. హాస్టల్ ఖర్చు ఎంత, రెండేళ్ల తర్వాత ఏ పని దొరుకుతుంది అని రెండో ప్రశ్న వేశాడు. మొదటి సగానికి నా దగ్గర జవాబు ఉంది, రెండో సగానికి లేదు. "పోయి చూడు మరి" అన్నాడు.

దరఖాస్తు చేయడానికి దారులు ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు పేరిట ఉన్న కళల విభాగం కింద రంగస్థల శాఖ ఉంది. 1985లో ఏర్పడి, ఇటీవల సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళలు చెబుతారు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. ఢిల్లీలో 1959లో మొదలైన నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉంది కానీ, అక్కడ చేరాలంటే డిగ్రీతో పాటు నాటకాల్లో పాల్గొన్న అనుభవం చూపించాలి. ఊళ్లో నాటక సంఘం లేని పిల్లలకు అది కష్టమైన షరతు. నేను కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఎంచుకున్నాను. ప్రవేశ పద్ధతులు మారుతూ ఉంటాయి కాబట్టి ఏ ఏటి ప్రకటనను ఆ ఏడు చదువుకోవాలి.

రాత పరీక్ష సంగతి ఎక్కువ చెప్పనక్కరలేదు. నాటక చరిత్ర, ప్రసిద్ధ నాటకకర్తలు, నాట్యశాస్త్రం తెలిసి ఉంటే గట్టెక్కవచ్చు. నన్ను నిద్రపోనివ్వనిది ప్రదర్శన పరీక్ష. ఒక ఏకపాత్ర సిద్ధం చేసుకుని, పొద్దున్నే పబ్లిక్ గార్డెన్‌కు వెళ్లి గొంతెత్తి చెప్పుకునేదాన్ని. నడకకు వచ్చిన పెద్దవాళ్లు ఆగి వినేవారు. ఒకాయన మాత్రం "అమ్మా, వాక్యం చివర నీ గొంతు కింద పడిపోతోంది, చివరి మాట వినిపించడం లేదు" అన్నారు. ఆ ఒక్క మాట నాకు ఎంత పనికివచ్చిందో! ఇప్పుడు నేను బడి పిల్లలకు నాటకం నేర్పేటప్పుడు మొట్టమొదట సరిచేసేది కూడా అదే.

పరీక్ష రోజున ఏకపాత్ర సగంలోనే ఆపేశారు. మీరు చూసిన నాటకం ఒకటి చెప్పండి అన్నారు. వరంగల్‌లో పెరిగిన నేను టికెట్ కొని చూసిన నాటకం ఒక్కటీ లేదు. అమ్మ పుట్టిల్లు దేవరుప్పుల దగ్గర. అక్కడ చిన్నప్పుడు చిందు మేళం, అంటే చిందు యక్షగానం ఆడే బృందం, ఆడగా చూసిన జాంబపురాణం గురించి చెప్పడం మొదలుపెట్టాను. కథ చెప్పబోతే వద్దన్నారు. వేషం ఎటువైపు నుంచి వచ్చింది? ఆ ముఖానికి ఏ రంగు? జనం ఎన్ని వైపుల కూర్చున్నారు? వెలుగు ఎక్కడి నుంచి పడింది? అడుగుతున్నకొద్దీ గుర్తుకు వస్తూ పోయింది. పసుపుపచ్చని ముఖం, భుజకీర్తులు, మద్దెల పక్కన నిలబడి వంత పాడేవాళ్లు, కట్టెకు వేలాడదీసిన ఒకే ఒక్క బల్బు. ఆ బల్బు కిందికి రాగానే వేషధారి ఒక్క క్షణం ఆగి ముఖం పైకెత్తేవాడు. ఈ సంగతి చెప్పినప్పుడు ఎదురుగా కూర్చున్న అధ్యాపకురాలు కాగితం మీద ఏదో రాసుకున్నారు. నాకు సీటు వచ్చింది.

మొదటి సెమిస్టర్ అంతా ఒళ్లు, గొంతు. పొద్దున్నే వ్యాయామం, ఊపిరి, నడక, పడిపోవడం, దెబ్బ తగలకుండా పడిపోవడం. నా వరంగల్ యాస గురించి నాకు బెరుకుగా ఉండేది. యాస మార్చుకోమని అక్కడ ఎవరూ అనలేదు. హల్లులు స్పష్టంగా పలకాలి, వెనక వరుసకు వినిపించాలి, అంతే. ఆ స్వేచ్ఛ దొరకడం నా అదృష్టం.

సిద్ధాంతం క్లాసులంటే చాలామంది ముఖం ముడుచుకుంటారు కానీ, నాకు నాట్యశాస్త్రంలోని రెండో అధ్యాయం పండుగ. భరతుడు మధ్యమ పరిమాణపు నాట్యగృహానికి 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు చెప్పాడు. హస్తం అంటే సుమారు అడుగున్నర అనుకుంటే 96 అడుగులకు 48. మా అధ్యాపకులు బోర్డు మీద గీసి వదిలేయలేదు. తాళ్లు, సున్నం ఇచ్చి మైదానంలోకి తోలారు. కొలిచి ముగ్గు పోశాం. ముందు సగం ప్రేక్షకులకు. వెనక సగాన్ని మళ్లీ రెండు చేసి, చిట్టచివరి భాగం నేపథ్యానికి, అంటే వేషాలు వేసుకునే చోటుకు, దాని ముందుది ఆటకు. తర్వాత ఒకరిని రంగపీఠం మీద నిలబెట్టి మమ్మల్ని చివరి వరుసలో కూర్చోబెట్టారు. కనుబొమ్మ కదిలితే కనిపించింది. ఇంకా వెనక్కి వెళ్లమన్నారు. కనిపించలేదు. నాట్యగృహం ఇంతకు మించి పెద్దదైతే మాట అస్పష్టమవుతుంది, ముఖంలోని భావం అందదు అని ఆ అధ్యాయంలో ఉన్న కారణం అప్పుడు అర్థమైంది. ఇప్పటికీ ఫంక్షన్ హాలులో నాటిక వేస్తామని ఎవరైనా పిలిస్తే, నేను ముందు చివరి కుర్చీలో కూర్చుని చూసుకుంటాను.

పది రూపకాల, అంటే పది రకాల నాటక రచనల, పాఠం కూడా చెప్పాలి. నాటకం, ప్రకరణం, భాణం, ప్రహసనం, డిమం, వ్యాయోగం, సమవకారం, వీథి, అంకం, ఈహామృగం. వీథికి తెలుగులో ఉదాహరణగా క్రీడాభిరామం చెప్పారు. ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసినవన్నీ చెప్పుకునే రచన అది. వినుకొండ వల్లభరాయుడి పేరిట ప్రసిద్ధం. అందులో పాడుతూ ఆడే జక్కుల పురంధ్రి కనిపిస్తుంది. క్లాసులో ఓరుగల్లు మనిషిని నేనొక్కదాన్నే. సెలవుల్లో వచ్చి ఖిలా వరంగల్ తోరణాల మధ్య నిలబడి ఆ పద్యాలు చదువుకున్నాను. మా ఊళ్లో ఒకప్పుడు వీధే రంగస్థలమని తెలియడం నాకు ఎంతో గర్వంగా అనిపించింది, ఆ గర్వం ఇంకా తగ్గలేదు.

రెండో సెమిస్టర్‌లో పాత్రల జాబితా పెట్టారు. నా పేరు నటుల్లో లేదు, లైటింగ్ కింద ఉంది. ఆ రాత్రి హాస్టల్లో ఏడ్చాను. బాపుకు ఫోను చేసి "నాకు వేషం ఇవ్వలేదు" అంటే, ఆయన "మరి ఏం పని ఇచ్చారు?" అని అడిగాడు. చెప్పాను. "తూకం దగ్గర నేను కూడా కొనను, అమ్మను. కానీ నేను లేకపోతే కాంటా నడవదు" అన్నాడు. ఓదార్పు కోసం అన్నాడో, నిజంగానే అన్నాడో, ఆ మాట పట్టుకుని పొద్దున్నే లైట్ల గదికి వెళ్లాను.

అక్కడ నాకు కొత్త లోకం తెరుచుకుంది. ప్రొఫైల్ లైటు అంచు కత్తిరించినట్టు పడుతుంది, కావాలంటే లోపలి షట్టర్లతో తలుపు ఆకారం కూడా కోయవచ్చు. ఫ్రెనెల్ అంచు మెత్తగా కరిగిపోతుంది. పార్ లైటు ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. నటుడి ముందు నుంచి సూటిగా వేస్తే ముఖం చదునుగా కనిపిస్తుంది. రెండు పక్కల నుంచి, తల కంటే ఎత్తులో, ఏటవాలుగా వేసి, ఒకదానికి వెచ్చని రంగు జెల్ (లైటు ముందు పెట్టే పలుచని రంగు కాగితం లాంటిది), రెండోదానికి చల్లని రంగు జెల్ పెడితే ముక్కు, చెంప, కనుగుంత అన్నీ వేరువేరుగా తెలుస్తాయి. వెనక నుంచి సన్నగా ఒకటి వేస్తే మనిషి తెర నుంచి విడివడి ముందుకు వస్తాడు. ఇవన్నీ పుస్తకంలో పది వాక్యాలు. నిచ్చెనెక్కి, వేడెక్కిన లైటును తోలు గ్లౌజులతో తిప్పుతూ, కింద నిలబడ్డ స్నేహితురాలి ముఖం మీద నీడ జరగడం చూస్తూ నేర్చుకోవాలంటే నెలలు పడుతుంది.

నాటకం రోజున, ఏ మాట దగ్గర ఏ లైటు మారాలో రాసుకున్న క్యూ పుస్తకం నా ముందు ఉండేది. స్టేజీ మేనేజర్ 'స్టాండ్ బై' అంటే వేలు మీట మీదికి వెళ్లాలి, 'గో' అంటే జరపాలి. మధ్యలో ఊపిరి ఎక్కువ తీసినా వెలుగు ఆలస్యమవుతుంది. నటుడు మాట మరిచి రెండు వాక్యాలు దాటేస్తే, అతనితో పాటు మనమూ దూకాలి. నటనకు కావలసిన ఏకాగ్రత అంతా ఇక్కడా కావాలి.

శేరిలింగంపల్లిలో సురభి వాళ్ల ప్రదర్శనకు తీసుకెళ్లినప్పుడు నేను కుర్చీలో కూర్చోలేదు, అనుమతి తీసుకుని పక్క తెరల వెనక నిలబడ్డాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధతో మొదలైన కుటుంబ నాటకం అది. తాళ్లు, కప్పీలు, చిత్రించిన తెరల వరుసలు, మనిషిని గాలిలోకి లేపే తీగ. ఒక చిన్నపిల్ల తన వేషం అయిపోగానే కిరీటం తీసి పక్కన పెట్టి, తెర తాడు పట్టుకోవడానికి పరుగెత్తింది. ఎవరూ చెప్పలేదు. మాకు నాలుగు సెమిస్టర్లలో విడివిడిగా నేర్పుతున్నవన్నీ ఆ పిల్లకు ఒకటే పని.

అందుకే రెండో ఏడు ప్రాజెక్టుకు చిందు యక్షగానంలోని ఆహార్యం (వేషం, అలంకరణ), వెలుగు తీసుకున్నాను. అంశం చిన్నదేమోనని కొందరు సహాధ్యాయులు అన్నారు. గైడు ఒప్పుకున్నారు. జనగామ ప్రాంతం ఈ కళకు ఒక నెలవు. 2024లో పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్య గారిది ఈ జిల్లాయే. నిజామాబాద్ వైపు చిందు కళాకారిణి చిందుల ఎల్లమ్మ గారి పేరు తెలియని మేళం ఉండదు. హనుమకొండలో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉండటం వల్ల చదువుకోవడానికి దూరం వెళ్లవలసిన అవసరం రాలేదు.

ఎక్కువ నేర్పింది మాత్రం అమ్మమ్మ వాళ్ల ఊరి వైపు ఒక పెద్దావిడ. వేషాలు మానేసి చాలా ఏళ్లయింది, రంగులు మాత్రం ఇంకా ఆమే వేస్తుంది. "పెద్దమ్మా, ముఖానికి పసుపురంగే ఎందుకు?" అని అడిగాను. ముఖానికి పూసే పసుపురంగు అర్దళం నూరుతూ "దివిటీ వెలుగులో ఏ రంగు నిలుస్తుందో నువ్వే చెప్పు బిడ్డా, పెద్ద చదువు చదువుతున్నావు కదా" అంది. ఆ రాత్రి కరెంటు బల్బు తీయించి, ఆమె చెప్పినట్టు నూనె దివిటీలు పట్టించి ఒక ఘట్టం ఆడించారు. నిప్పు వెలుగు ఎర్రగా ఉంటుంది. అందులో మామూలు చర్మం చీకట్లో కలిసిపోయింది. అర్దళం పూసిన ముఖం బంగారంలా వెలిగింది. కాటుక గీతలు, పెదవి ఎరుపు దూరానికి కూడా తెలిశాయి. బల్బు కింద ఆగి ముఖం పైకెత్తే అలవాటు గురించి అడిగితే, దివిటీ పట్టినవాడు వేషానికి ఎదురుగా వచ్చేదాకా ఆగడం పాత పద్ధతని, బల్బు వచ్చాక కూడా ఒంటికి ఆ ఆగడం మిగిలిపోయిందని చెప్పింది. నా ప్రాజెక్టు పుస్తకంలో అందరికంటే ముందు కృతజ్ఞతలు ఆమెకే రాశాను.

చదువు పూర్తయ్యాక వరంగల్‌కే వచ్చేశాను. మొదటి ఏడాది గడ్డుగానే గడిచింది. బడుల్లో వార్షికోత్సవాలకు నాటికలు చేయించాను, నృత్య ప్రదర్శనలకు లైట్లు వేశాను, నాటక పరిషత్తుల పోటీలకు వెళ్లే నాటక సమాజాలకు సాంకేతిక సాయం చేశాను. నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణంలో పని చేస్తుంటే బాపు ఒకసారి మార్కెట్ నుంచి నేరుగా వచ్చి, నా పక్కన బోర్డు దగ్గర కూర్చుని మొత్తం చూశాడు. 2024 నవంబరులో కాళోజీ కళాక్షేత్రం ప్రారంభమయ్యాక ఇక్కడి నాటకానికి ఒక పెద్ద ఆసరా దొరికింది. అయితే గదులు ఉన్నంత మాత్రాన లైట్లు నడిపే మనుషులు రారు. చేరాలనుకునే పిల్లలకు, ముఖ్యంగా అమ్మాయిలకు నేను చెప్పేది ఇదే: పరీక్షకు ఏకపాత్రతో పాటు, మీ ఊళ్లో చూసిన ఒగ్గుకథో, చిందో, బాగోతమో ఎవరు ఎక్కడ నిలబడ్డారో గుర్తుండేలా మళ్లీ చూసి వెళ్లండి. నటుల జాబితాలో పేరు లేకపోతే నిచ్చెన ఎక్కండి.

ఈమధ్య నాకు కొత్త పట్టుదల ఒకటి పట్టుకుంది. ఊళ్లలో చిందు ఆటలకు ఇప్పుడు తెల్లటి ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు ముఖానికి ఎదురుగా పెడుతున్నారు. ఆ చల్లని తెలుపులో అర్దళం పాలిపోయి, వేషం రోగిలా కనిపిస్తోంది. దానికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. రెండు వెచ్చని రంగు లైట్లు, రెండు వెదురు గడలు, పక్కల నుంచి ఏటవాలుగా. దేవరుప్పుల వైపు ఒక మేళం వాళ్లు ఒప్పుకున్నారు. వచ్చే ఆటకు గడలు పాతడానికి మధ్యాహ్నమే రమ్మన్నారు. రంగులు వేసే పెద్దమ్మ మాత్రం, వెలుగు ఎలా పడిందో తాను చూసి సరేనన్నాకే ఆట మొదలుపెట్టాలని షరతు పెట్టింది.