ఆవిరి లెక్క తేలాలంటే నీటి మట్టం నిలవాలి

ఇచ్చిన కరెంటులో ఎంత భాగం ఆవిరిగా బయటికొస్తుందో కొలవాలని మా ల్యాబ్‌లో చిన్న పరికరం ఒకటి కట్టుకున్నాం. నిలువు స్టీలు డ్రమ్ము, 3 కిలోవాట్ల హీటరు, పక్కన లోపలి నీటి మట్టం చూపే గాజు గొట్టం (గేజ్ గ్లాసు), పైన సేఫ్టీ వాల్వు, డ్రమ్ములోకి నీళ్లు తోడే చిన్న పంపు.

ఉష్ణోగ్రత చూసి హీటర్‌ను నడిపే పద్ధతి నీళ్లు మరిగేదాకే పనికొస్తుంది. మరగడం మొదలైతే ముల్లు 100 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. హీటర్‌ను సగానికి తగ్గించినా కదలదు. అందుకని వేడిని ఒకేచోట నిలిపి, నీటిని దానికి తగ్గట్టు పంపాలనుకున్నాం. 30 డిగ్రీల నీటిని కిలో ఆవిరి చేయాలంటే దాదాపు 2,550 కిలోజౌళ్లు కావాలి. అంటే 3 కిలోవాట్లకు గంటకు 4.2 కిలోలు, గోడల గుండా పోయే వేడిని తీసేస్తే ఇంకొంచెం తక్కువ.

మమ్మల్ని బాగా సతాయించింది గేజ్ గ్లాసే. వేడి పెంచగానే బుడగలు పుట్టి, పొంగే పాలలా మట్టం పైకి లేస్తుంది, నీళ్లు పెరిగాయనిపిస్తుంది. చన్నీళ్లు పడగానే బుడగలు అణిగి మట్టం దిగుతుంది, నీళ్లు తగ్గాయనుకుని పంపు ఇంకా తోడేస్తుంది. కాసేపటికి డ్రమ్ము నిండి, ఆవిరి గొట్టంలోంచి వేడినీళ్లే వస్తాయి. పంపును ఆపి ఆపి తోలడం మానేసి, సన్నటి ధార ఎప్పుడూ పడేలా పెట్టాం. మట్టం కొలతను ఆ ధారను కాస్త అటూఇటూ సరిచేయడానికే వాడాం. అప్పటికి కుదుటపడింది.

ఇంత పట్టుబట్టడానికి కారణముంది. నీళ్లుగానే బయటికొచ్చిన కిలో మోసుకెళ్లే వేడి 293 కిలోజౌళ్లే. దాన్ని ఆవిరి కింద జమ కడితే దాదాపు తొమ్మిదింతల వేడి కాగితం మీద పుడుతుంది. 2011లో ఇటలీలోని బొలోన్యాలో ఆండ్రియా రోసీ, ఇచ్చిన కరెంటు కంటే ఎన్నో రెట్ల వేడి ఇస్తుందంటూ చూపించిన పరికరం మీద నడిచిన వాదనలోనూ ముఖ్యమైన ప్రశ్న ఇదే: వచ్చింది పొడి ఆవిరా, నీటి తుంపరలు కలిసిన తడి ఆవిరా? పంపు తోడిన నీళ్లను చూసి వేడి లెక్క కట్టడం నా దృష్టిలో కొలతే కాదు.

మేం ఆవిరిని చన్నీళ్ల బకెట్లోకి వదిలాం. ముందూ తర్వాతా తూకం వేసి, పెరిగిన డిగ్రీలు రాసుకున్నాం. బరువు పెరిగినా వేడి అందుకు తగ్గట్టు పెరగకపోతే, వచ్చిందాంట్లో నీళ్లున్నట్టే. మట్టం నిలిచాక ఆ తేడా బాగా తగ్గింది. డ్రమ్ముకు గ్లాస్ ఉల్ చుట్టాక బకెట్ లెక్క వాట్ మీటరు లెక్కకు ఇంకా దగ్గరైంది.

ఇలాంటిది కట్టేవాళ్లు మట్టం బాగా పడిపోతే హీటర్‌ను ఆపే ఫ్లోట్ స్విచ్‌ను కంట్రోలర్‌తో సంబంధం లేకుండా నేరుగా కాంటాక్టర్‌కు (హీటర్‌కు కరెంటు కలిపే, తెంపే స్విచ్‌కు) కలపండి. మేం మొదటిసారి కరెంటు ఇవ్వకముందే అది బిగించాం.