మంగళవారం తీసుకెళ్లారు, ఆదివారం చూపించారు

నేను విశాఖలో వకీలుగా ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో, ఏజెన్సీ కొండల నుంచి ఎవరైనా ఏడుస్తూ ఆఫీసుకి వస్తే మా సీనియర్ గారు ముందుగా అడిగే మాట ఒక్కటే: "టెలిగ్రామ్ కొట్టారా?" లేదంటే ఫీజు సంగతీ కేసు సంగతీ పక్కన పెట్టి, గుమస్తాని తోడిచ్చి పంపించేవారు. కలెక్టర్‌కొకటి, ఎస్పీకొకటి, హైకోర్టు చీఫ్ జస్టిస్‌కొకటి. ఫలానా రాత్రి ఫలానా ఊళ్లో మా వాణ్ణి పోలీసులు పట్టుకుపోయారు, ప్రాణభయం ఉంది. అంతే. దాన్ని చూసి ఎవరో పరిగెత్తుకొస్తారని ఆయనకేం భ్రమల్లేవు. ఆ కాగితం మీద తారీఖు, టైము పడతాయి. తర్వాత స్టేషన్ రికార్డుల్లో ఏం రాసుకున్నా ఆ ముద్ర ఆ ముద్రే.

2013 జూలైలో టెలిగ్రామ్ సర్వీసు ఎత్తేశారు. పేపర్లన్నీ పెళ్లి శుభాకాంక్షల టెలిగ్రాముల గురించి తెగ రాశాయి. మా పని ఎలాగో ఎవరూ రాయలేదు లెండి.

ఈ మధ్య కొట్టేసిన ఒక కేసు గురించి రాద్దామని కూర్చున్నాను. అబ్బాయి పేరూ ఊరి పేరూ, స్టేషన్ పేరూ రాయను. ముంచంగిపుట్టు వైపు కొండ మీది ఊరనుకోండి. పంతొమ్మిదేళ్ల వాడు. మంగళవారం తెల్లారకముందే అరుగు మీద పడుకున్నవాణ్ణి లేపి తీసుకుపోయారు. తల్లి స్టేషన్‌కి వెళ్తే ఇక్కడ లేడన్నారు, ఇంకో స్టేషన్‌కి పొమ్మన్నారు. అక్కడా లేడు. గురువారం పాడేరులో బస్సెక్కి, ఇక్కడ కాంప్లెక్స్‌లో దిగి, ఎవరో రాసిచ్చిన చీటీ చూపిస్తూ మా ఆఫీసుకొచ్చింది. ఆమెది కువి భాష. తెలుగు సంతలో నేర్చుకున్న మేరకే. గుడ్డసంచిలో ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, అల్లం అమ్మిన డబ్బులు. "పిల్లోణ్ణి కొట్టినా సరే, ఉన్నాడని సూపించమను అమ్మా" అంది.

టెలిగ్రామ్ లేదు కాబట్టి పోస్టాఫీసుకి తీసుకెళ్లాను. కలెక్టర్‌కి, ఎస్పీకి, మానవ హక్కుల కమిషన్‌కి రిజిస్టర్డ్ పోస్టు. రసీదుల మీద గురువారం తేదీ పడింది. అవే అర్జీలు ఈమెయిల్ కూడా చేశాను. శుక్రవారం హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయించాం, అంటే మనిషిని కోర్టు ముందు చూపించమనే పిటిషన్. సోమవారం అది బెంచి మీదకి వచ్చేసరికి ప్రభుత్వ న్యాయవాది లేచి, ఆదివారం అరెస్టు చేశాం, రిమాండ్‌కి కూడా పంపాం అన్నారు. మనిషి ఎక్కడున్నాడో తెలిసింది కదా, ఇంక పిటిషన్‌లో ఏముంది అని మూసేశారు. మంగళవారం నుంచి ఆదివారం దాకా వాడు ఎక్కడున్నాడని ఎవరూ అడగలేదు.

అదే రోజు పేపర్లో ఫొటో. మొహానికి ముసుగు, ముందు బల్ల మీద వైరు చుట్ట, బ్యాటరీలు, స్టీలు క్యారియర్, నాలుగు కరపత్రాలు. వాహనాల తనిఖీలో పారిపోబోతుంటే పట్టుకున్నారట. మావోయిస్టుల మిలీషియా సభ్యుడట. రిమాండ్ రిపోర్టులో నేరాలు: అన్నలకి అన్నం పెట్టాడు, బియ్యం మోశాడు, పోలీసులు వచ్చే దారులు చెప్పాడు.

అన్నం పెట్టిన మాట నిజమే. రాత్రిపూట తుపాకీతో వచ్చి అన్నం అడిగితే ఊళ్లో ఎవరు పెట్టరు? పొద్దున్న ఇంకో తుపాకీ వచ్చి ఎవరు పెట్టారని అడుగుతుంది. పోలీసులకి చెప్పాడని తేలితే రాత్రి వాళ్లు ఇన్ఫార్మర్ అని ముద్ర వేసి చంపి, శవం పక్కన ఉత్తరం పెట్టి పోతారు. ఆ లెక్క కూడా చిన్నదేం కాదు. 2018 సెప్టెంబర్ 23న లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునీ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనీ కాల్చి చంపారు. ఎమ్మెల్యేకే దిక్కులేని చోట అల్లం పండించుకునేవాడు ఎవరికి ఎదురు చెప్పగలడు?

ఇక వాంగ్మూలం. "నేను నా యిష్టపూర్వకముగా, ఎవరి బలవంతము గాని ప్రోద్బలము గాని లేకుండా..." అని మొదలవుతుంది. మూడు పేజీలు. సంత తెలుగు తప్ప రాని పిల్లాడి నోట గ్రాంథికం! పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదని లా మొదటి ఏడాది పిల్లలకి కూడా తెలుసు. మరి ఎందుకు రాస్తారు? చెల్లే ముక్క ఒకటుంది కాబట్టి. ముద్దాయి చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ మేరకు ఆ మాట చెల్లుతుంది. పాత ఎవిడెన్స్ యాక్టులో అది 27వ సెక్షన్, కొత్త సాక్ష్య అధినియమ్‌లో 23లోకి వచ్చింది. అందుకే వాంగ్మూలం వెనకాలే మధ్యవర్తుల పంచనామా, అంటే సాక్షుల ముందు రాశామనే జప్తు కాగితం. అందులో ఓ డంపు, అడవిలో దాచిన సరుకన్నమాట. కొట్టేది ఒప్పుకోమని మాత్రమే అనుకుంటారు జనం. డంపు చూపించమని కూడా కొడతారు. లేని డంపుని ఎవడు చూపించగలడు? వాళ్లు తీసుకెళ్లిన చోట వేలు పెట్టి చూపించాడు వాడు.

జైల్లో ములాఖత్‌కి వెళ్లినప్పుడు చూశాను. చెప్పుల్లో మడమ ఆనించలేక మునివేళ్ల మీద నిలబడ్డాడు. కాళ్లు చాపి కూర్చోబెట్టి అరికాళ్ల మీద కొట్టారట. తర్వాత వాపు దిగాలని గెంతించారట. ఎక్కడ అని అడిగితే స్టేషన్ కాదు, క్యాంపు అన్నాడు. ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలుండాలి, ఫుటేజీ ఏడాదికి తగ్గకుండా దాచాలి అని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. కెమెరా ఉన్న చోట మనిషిని ఉంచితే కదా.

మేజిస్ట్రేట్ గారు అడగాల్సిన ప్రశ్న అడిగారు, "పోలీసులేమైనా కొట్టారా?" అని. తెలుగులో. లేదన్నాడు. తీసుకొచ్చినవాళ్లు పక్కనే నిలబడ్డారు, మళ్లీ ఆ జీపే ఎక్కాలి. అరెస్టయిన మనిషిని ప్రయాణం పట్టే సమయం తీసేసి 24 గంటల్లో కోర్టులో పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం అంటుంది. అరెస్టు మెమో మీద కుటుంబసభ్యుడో ఊళ్లో పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలని 1996లోనే సుప్రీంకోర్టు డీకే బసు తీర్పు. ఈ అబ్బాయి కాగితాల్లో అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఆదివారం నుంచి.

మా అదృష్టం కొద్దీ ఒక కాగితం అడ్డం తిరిగింది. పోలీసులు ఆసుపత్రి నుంచి తెచ్చిన సర్టిఫికెట్‌లో గాయాలేమీ లేవు. కొన్ని గంటల తర్వాత జైల్లో చేర్చుకునేటప్పుడు అక్కడి డాక్టరు రెండు అరికాళ్లూ కమిలి ఉన్నాయని రాశారు. ఆయనెవరో నాకు తెలీదు గానీ ఆ ఒక్క లైను రాసినందుకు దణ్ణం పెట్టుకున్నాను.

బెయిలొచ్చాక ఇంకో తంటా. జామీనుదారులు కావాలి. ఊళ్లో వాళ్లకున్నవి అటవీ హక్కుల పట్టాలు. అమ్ముకోడానికి వీల్లేని భూమి కాబట్టి జామీనుకి పనికిరాదన్నారు. వేరే జిల్లా అన్నారు. 2022లో అల్లూరి జిల్లా విడిపోయేదాకా అదీ మన జిల్లానే కదండీ! వేరే జిల్లా వాడని జామీను కాదనకూడదని 1978లోనే సుప్రీంకోర్టు జడ్జి కృష్ణయ్యర్ గారు మోతీరామ్ కేసులో చివాట్లు పెట్టారు. ఆ తీర్పు జిరాక్సు పట్టుకుని తిరిగి తిరిగి, బెయిలొచ్చిన చాన్నాళ్లకి బయటికి తెచ్చాం.

విచారణలో మధ్యవర్తిని క్రాస్ చేశాను. అడవిలో పంచనామా రాశామన్న రోజున, అదే సమయానికి మీరు మండల ఆఫీసులో మీటింగులో ఉన్నారు కదా అని అడిగితే కాసేపు నసిగి, సంతకం స్టేషన్లోనే పెట్టానన్నాడు. పోస్టు రసీదులు, జైలు డాక్టరు రాసినది ఎగ్జిబిట్లుగా పడ్డాయి. కేసు కొట్టేశారు.

ఆ ఐదు రోజుల మాటేమిటి? ఫిర్యాదు డ్రాఫ్టు చేశాను. తల్లి సంతకం పెట్టలేదు. "ఆ దారినే సంతకి ఎల్లాలి కదమ్మా" అంది. నేనూ బలవంతపెట్టలేదు. పెట్టినవాళ్లకి ఏం ఒరిగిందో ఈ ఊరి కోర్టులోనే చూశాను. వాకపల్లిలో 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కి వచ్చిన గ్రేహౌండ్స్ ప్రత్యేక పోలీసు దళం వాళ్లు తమని చెరిచారని పదకొండుమంది ఆడవాళ్లు చెప్పారు. విచారణ జరపమని సుప్రీంకోర్టు 2017లో అనాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్ 6న ఇక్కడి ప్రత్యేక కోర్టు పోలీసులందరినీ విడుదల చేసింది. దర్యాప్తు సరిగ్గా చెయ్యలేదని తప్పుపట్టి, ఆ ఆడవాళ్లకి నష్టపరిహారం ఇవ్వమంది. దర్యాప్తు చేసిందీ పోలీసులే మరి. హింసకి వ్యతిరేకంగా ఉన్న ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద మన దేశం 1997లో సంతకం పెట్టింది. ఆమోదం మాత్రం ఈనాటికీ ఇవ్వలేదు.

మొన్న ఆ అబ్బాయి దగ్గర్నుంచి ఫోన్. వాళ్ల పెదనాన్న కొడుకుని ఎంక్వైరీ అని తీసుకెళ్తున్నారట. సిగ్నల్ కోసం గుట్టెక్కి చేస్తున్నాడు. జీపు నంబరు, టైము, చూసినవాళ్ల పేర్లు వరసగా చెప్పేశాడు, నేను అడగక్కర్లేకుండానే. పది నిమిషాల్లో ఈమెయిళ్లు పంపి, స్టేషన్‌కి ఫోన్ చేసి నా పేరు చెప్పాను. సాయంత్రానికి వదిలేశారు. నా ఫోన్ వల్లో, వాళ్ల పనే అయిపోయిందో తెలీదు.