రాజీనామా రాయకుండా బయటికొచ్చాను: నా అనుభవం

2022లో భీమవరం దగ్గర మా రొయ్యల ప్లాంటులో ఆర్డర్లు తగ్గి ఒక లైను మూసేశారు. నేను స్టోర్‌లో గుమస్తాని, ఎనిమిదేళ్ల ఏడు నెలల సర్వీసు. మేనేజర్ గారు పిలిచి, టైపు చేయించిన రాజీనామా నా ముందు పెట్టి, "సంతకం పెట్టేయండి, గౌరవంగా ఉంటుంది, నెల జీతం, గ్రాట్యుటీ కలిపి 96,800 ఇప్పిస్తాను" అన్నారు. గ్రాట్యుటీ అంటే ఇన్నేళ్ల సర్వీసుకి కంపెనీ ఇచ్చే డబ్బు. ఇంట్లో అడిగి చెబుతానండి అని కాగితం అక్కడే వదిలి వచ్చేశాను.

మా బాబాయ్ ఒకప్పుడు యూనియన్‌లో తిరిగిన మనిషి. "ఒరేయ్, రాజీనామా మీద సంతకం పెట్టేవు, జాగ్రత్త" అన్నాడు. అసలు కీలకం ఇదే. మనమే మానేస్తే తొలగింపు పరిహారం రాదు. వాళ్లే తీసేస్తే అప్పట్లో అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం నెల నోటీసు గానీ దాని బదులు నెల జీతం గానీ, పైన ఏడాదికి 15 రోజుల సగటు జీతం ఇవ్వాల్సి ఉండేది, ఆరు నెలలు దాటిన ముక్క కూడా పూర్తి ఏడాదిగానే లెక్క. నేను సూపర్‌వైజర్ని కాదు కాబట్టి నాకు వర్తించింది. సగటు జీతం 24,000, అంటే తొమ్మిదేళ్లకి 1,08,000.

గ్రాట్యుటీ లెక్కలోనూ తేడా ఉంది. వాళ్లు నా బేసిక్ జీతం 18,200ని 30తో భాగించి, ఏడాదికి 15 రోజుల చొప్పున ఎనిమిదేళ్లకే కట్టారు, 72,800 వచ్చింది. భాగించాల్సింది 26తో, సర్వీసు తొమ్మిదేళ్లు, అప్పుడు 94,500. అది మనం సంపాదించుకున్న డబ్బు, దాన్ని ప్యాకేజీలో కలిపి ఉపకారం చేసినట్టు చూపిస్తే ఒప్పుకోకూడదు.

ఈ లెక్కంతా ఒక పేజీలో రాసి మేనేజర్ గారికిచ్చి, కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకున్నాను. గొంతు పెంచలేదు. "ఇవి ఇవ్వాల్సినవేనండి, మాట్లాడుకోవాల్సింది ఆ పైన" అన్నాను. ఆయన ఓనరు గారితో మాట్లాడతానని వారం నాన్చారు, ఆ వారం ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు, పిల్లల ఫీజు కట్టే నెల మరి. లేబర్ ఆఫీసులో అర్జీ పెడతానన్నాకే కదలిక వచ్చింది. పైన రెండు నెలల జీతం అడిగితే ఒక నెలకి ఒప్పుకున్నారు. సెలవుల డబ్బు, అనుభవ పత్రం కూడా రాయించుకున్నాను.

చివర్లో 'ఇక ఏ బాకీ లేదు' అనే సెటిల్‌మెంట్ కాగితం తెచ్చారు. చెక్కు చేతిలో పెట్టాక, అంకె సరిచూసుకుని, దాని నంబరు ఆ కాగితం మీద రాయించి అప్పుడు సంతకం పెట్టాను. నోటీసు జీతంతో కలిపి, సెలవుల డబ్బు కాక, 2,50,500 వచ్చింది. పీఎఫ్ మాత్రం తీయలేదు, ఆకివీడులో కొత్త పనిలో చేరాక అక్కడికి మార్పించుకున్నాను.