లూపస్‌తో అమెరికాలో కాన్పు: నా అనుభవం

పాప నిన్ననే ఎన్ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) నుంచి ఇంటికొచ్చింది. 33వ వారంలోనే పుట్టేసింది. కోపం చల్లారకముందే ఇది రాసేయాలనిపించింది.

ఇక్కడ డల్లాస్‌లో మొదటి నెలలు బాగానే గడిచాయి. నాకున్న లూపస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే సొంత అవయవాల మీద దాడి చేసే జబ్బు, ఒకసారి కిడ్నీని కూడా తాకింది. అందుకని జబ్బు ఆరు నెలలు అదుపులో ఉన్నాకే పిల్లల గురించి ఆలోచించమన్నారు, ఆగాం. కడుపులో బిడ్డకు హాని చేసే మైకోఫినోలేట్ మందు మాన్పించి, బదులుగా అజథయోప్రిన్ ఇచ్చారు. లూపస్‌కు వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆపలేదు. 12వ వారం నుంచి తక్కువ డోసు ఆస్పిరిన్.

32 వారాలు దాటాక ఓ రాత్రి ముఖం, కాళ్లు వాచిపోయి తలనొప్పితో హాస్పిటల్‌కు వెళ్లాం. బీపీ 148/94. నర్సు చూసి, "ఈ నెలల్లో వాపులు మామూలే, ఇంటికెళ్లి పడుకోండి" అంది. లూపస్ ఉందని, కిడ్నీ సంగతి కూడా చెప్పాను. నాకు జవాబివ్వకుండా మా ఆయన వైపు తిరిగి, "ఈవిడ ఎప్పుడూ ఇలాగే టెన్షన్ పడతారా?" అని అడిగింది. పదిహేనేళ్లుగా ఇంగ్లీషులోనే పని చేస్తూ పెద్ద టీమును నడిపిస్తున్నదాన్ని. నా ఒంటి గురించి నా ఎదుటే ఇంకొకరిని అడిగితే ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. పైగా డిశ్చార్జి కాగితాలు చేతిలో పెట్టింది.

కూతురి కోసం వచ్చిన ఒక నల్లజాతి ఆవిడ ఇదంతా వింటోంది. ఆవిడకూ లూపసే, బిడ్డ నెలలు నిండకుండానే పుట్టిందట. "సంతకం పెట్టకు. యూరిన్‌లో ప్రొటీన్ పరీక్ష అడిగినా చేయలేదని రికార్డులో రాయమను" అంది. అదే మాట గట్టిగా అన్నాను. కాసేపట్లో డాక్టరే వచ్చింది. ప్రొటీన్ బాగా ఎక్కువ, ప్లేట్‌లెట్లు తగ్గుతున్నాయి. లూపస్ తిరగబెట్టిందేమోనని సీ3, సీ4 (లూపస్ రేగితే తరచూ తగ్గే రక్తంలోని ప్రొటీన్లు) కూడా చూశారు. అవి పడిపోలేదు, కాబట్టి ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ పెరిగి అవయవాలను దెబ్బతీసే జబ్బు) అని తేల్చారు. పాప ఊపిరితిత్తుల కోసం ఒక రోజు తేడాతో రెండు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, నాకు ఫిట్స్ రాకుండా మెగ్నీషియం, తర్వాత ఆపరేషన్.

నాకు జరిగింది ఇక్కడ చాలామందికి, ముఖ్యంగా నల్లజాతి స్త్రీలకు, కొత్త కాదు. 2022లో అమెరికాలో తెల్లజాతి స్త్రీలలో 9.4 శాతం కాన్పులు నెలలు నిండకుండా జరిగితే, నల్లజాతి స్త్రీలలో 14.6 శాతం. పెద్ద చదువులున్నా ఆ తేడా పోవడం లేదు. 2015లో వచ్చిన ప్రామిస్ అధ్యయనం లూపస్ ఉన్న 385 మంది గర్భిణులను గమనించింది. జబ్బు పెద్దగా ముదరని వాళ్లలోనే దాదాపు ఐదుగురిలో ఒకరికి గర్భంలో చిక్కులు వచ్చాయి. తెల్లవాళ్లు కానివాళ్లకు, హిస్పానిక్ స్త్రీలకు ఆ ముప్పు ఎక్కువని తేలింది. ఇదంతా రక్తంలో ఉన్న తేడా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మాట వినిపించుకోకపోవడం ఎలా ఉంటుందో చూశాను. మన తెలుగువాళ్లు కలిసే విందుల్లో నల్లజాతి వాళ్లను చులకన చేసే మాటలు ఇక నా ముందు సాగనివ్వను. నా బిడ్డను కాపాడింది ఆవిడ మాటే.

ఇంట్లో బీపీ మెషిన్ ఉంచుకోండి. 140/90 దాటితే వెంటనే ఫోన్ చేయండి, 160/110 అయితే నేరుగా వెళ్లిపోండి. రుమటాలజిస్ట్ (లూపస్ చూసే డాక్టర్), కాన్పు డాక్టర్ మాట్లాడుకుంటారని నమ్మకండి, నా వాళ్లు ఒక్కసారీ మాట్లాడుకోలేదు. రిపోర్టులు మీ దగ్గరే పెట్టుకోండి. కాన్పయ్యాక ఆరు వారాల వరకూ ప్రీఎక్లాంప్సియా రావచ్చు, అప్పుడూ బీపీ చూసుకోండి. ఆ నర్సు మీద హాస్పిటల్‌లో రోగుల ఫిర్యాదులు చూసే పేషెంట్ అడ్వొకేట్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. జవాబు రాలేదు. వచ్చేదాకా రాస్తూనే ఉంటాను.